ఎదురింటి గుమ్మం

ఎవరైనా పని మీద బయల్దేరుతున్నారంటే జయశ్రీ పక్కకు తప్పుకుంటుంది. తప్పుకోమని ఎవరూ చెప్పరు. కొడుకు శ్రావణ్ ఆఫీసుకు బయల్దేరే వేళకి వంటింట్లో ఏదో పని కల్పించుకుంటుంది. కోడలు శ్రీదివ్య స్కూటీ తీస్తుంటే బాల్కనీలోంచి లోపలికి జరుగుతుంది. కింది అంతస్తుల్లో ఆడపిల్లల హాస్టల్ ఉంది. ఆ పిల్లలు హాల్ టికెట్లు పట్టుకుని గ్రూప్స్ పరీక్షకి పరుగెడుతుంటే, లిఫ్టు పక్కన స్తంభం చాటున నిలబడి, మెట్లు ఖాళీ అయ్యాకే బయటికొస్తుంది. ఒకసారి హారతి అనే పిల్ల చూసి, "ఏంది అమ్మమ్మా, దాగుడుమూతలా?" అని నవ్వింది. జయశ్రీ కూడా నవ్వేసింది. భర్త పోయినదాన్ని, శుభమా అని బయల్దేరుతుంటే ఎదురు రాకూడదు అని ఆ చిన్నపిల్లకి ఏం చెబుతుంది? పాపం, దానికి ఆ శాస్త్రమే తెలియదు. తెలియకపోవడమే మంచిది.

జయశ్రీకి ఈ అలవాటు పుట్టింటి నుంచి రాలేదు. అత్తింటి నుంచీ రాలేదు. ఎదురింటి నుంచి వచ్చింది.

ఎదురిల్లు అంటే కాశీవిశ్వనాథంగారి ఇల్లు. వాళ్ళ నాన్నగారు కర్నూలు నుంచి రాజధానితో పాటే ఫైళ్ళ మూటలు ఎత్తించుకుని వచ్చిన గుమాస్తా. వచ్చిన కొన్నేళ్ళకి చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్‌కి పోయే సందులో జాగా కొన్నాడు. రాతి గోడలు, నాపరాళ్ళ నేల, ముందు పొడుగాటి అరుగు. ఇల్లు మామూలుదే గానీ గుమ్మం మాత్రం మామూలుది కాదు. రాజమండ్రి నుంచి గూడ్సు బండిలో టేకు తెప్పించి చేయించాడు. ఇద్దరు మనుషులు పక్కపక్కనే నడుస్తూ లోపలికి పోవచ్చు. 'గుమాస్తా ఇంటికి జమీందారు గుమ్మం' అని సందులో వాళ్ళు నవ్వుకున్నారట. నవ్వితే నవ్వారు గానీ, చుట్టాలు వస్తే అడ్రసు చెప్పడానికి ఆ గుమ్మమే వాళ్ళందరికీ దిక్కయింది. "ఆకుపచ్చ పెద్ద తలుపుల ఇంటి దగ్గర దిగుండ్రి" అంటే రిక్షా తిన్నగా వచ్చి ఆగేది.

దానికి ఎదురుగా జయశ్రీ భర్త కిషన్ రావు వాళ్ళ గూనపెంకల ఇల్లు. ఆ ఇంటి గుమ్మంలో తల వంచకపోతే నుదురు బొప్పి కట్టాల్సిందే. సిద్దిపేట నుంచి కొత్తకోడలుగా వచ్చిన రోజే జయశ్రీకి బొప్పి కట్టింది. ఎదురరుగు మీద కూర్చుని చూస్తున్న హైమవతి, కాశీవిశ్వనాథంగారి భార్య, చెంబులో చల్లటి నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అయ్యయ్యో, పిల్ల పొడుగని చెప్పలేదేమండీ మీరు, గుమ్మం పైకెత్తించేవాళ్ళంగా!" అంది. పెళ్ళివారంతా నవ్వారు. ఏడుపు మొహంతో ఉన్న జయశ్రీ కూడా నవ్వింది. ఆ పూట నుంచే హైమవతి ఆమెకు వదిన అయింది.

ఆ రోజుల్లో నల్లా నీళ్ళు పెద్ద గుమ్మం ఇంట్లోనే ధారగా వచ్చేవి. పొద్దున్నే జయశ్రీ బిందె చంకన పెట్టుకుని సందు దాటేది. బిందె నిండేసరికి హైమవతి కాఫీ గ్లాసు చేతికొచ్చేది. సాయంత్రం సర్వపిండి అటు పోతే గోంగూర పచ్చడి ఇటు వచ్చేది. "మీరు పచ్చడిలో ఇంత కారమా!" అని ఒకరు, "మీరు పులుసులో ఇంత పులుపా!" అని ఒకరు ముక్కు మీద వేలేసుకుంటూనే గిన్నెలు ఖాళీ చేసేవాళ్ళు. మగవాళ్ళిద్దరూ అరుగు మీద చదరంగం. ఆర్టీసీలో పనిచేసే కిషన్ రావు ఓడిపోయినప్పుడల్లా ఓ సిగరెట్టు ముట్టించేవాడు. ఓడిపోవడం ఆయనకు రోజూ ఉండేదే. శ్రావణ్ ఆ ఇంటి గడప పట్టుకునే నిలబడడం నేర్చుకున్నాడు. గడప దాటిన రోజు హైమవతి వాడి చేత బూరెలు పంచిపెట్టించింది. మేనత్త చేయాల్సిన ముచ్చటది.

శ్రావణ్‌కి నాలుగో ఏడు నడుస్తుండగా కిషన్ రావు డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ విప్పుతూ కూలబడి పోయాడు. గుండె అన్నారు. నలభై కూడా నిండని మనిషి.

దినాలు అయిపోయాయి. ఏడాది తిరిగేదాకా గడప దాటకూడదని అత్తగారు బుగ్గమ్మ కోడల్ని లోపలే ఉంచింది. జయశ్రీకి ఉన్న లోకమంతా కిటికీ. ఆ కిటికీలోంచి ఒక పొద్దున చూస్తే ఎదురింటి ముందు ఇటుకల బండి ఆగి ఉంది. మేస్త్రీలు దిగారు. సాయంత్రానికల్లా పెద్ద గుమ్మానికి అడ్డంగా గోడ లేచింది. రెండ్రోజుల్లో దాని మీద సిమెంటు పూత. ఆ తర్వాత వాళ్ళు ఇంటికి అవతలి పక్క, వేరే సందులోకి కొత్త గేటు పెట్టుకున్నారు.

ఎందుకు మూశారో జయశ్రీకి అర్థం కాలేదు. అర్థం చేయించే పని బుగ్గమ్మ చూసుకుంది. "ఇంకెందుకు బిడ్డా, పొద్దుగాల తలుపు తీస్తే నీ మొగం కనవడ్తది. విశ్వనాథం ఆఫీసుకు పోవాలె, పిల్లలు బడికి పోవాలె. ఎదురొస్తవని మూసుకున్నరు" అంది. ముసలావిడ మంచిదే, కోడలంటే ప్రాణమే. కానీ కొన్ని మాటలు మంచివాళ్ళ నోటి నుంచి వస్తేనే ఎక్కువ లోతుకి దిగుతాయి.

హైమవతి ఒకసారి వచ్చింది. జయశ్రీ గోడవైపు తిరిగి పడుకుంది. హైమవతి మంచం పక్కన కాసేపు నిలబడి, ఏదో అనబోయి, అనలేక వెళ్ళిపోయింది. అంతే. మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకి నల్లా జయశ్రీ వాళ్ళ ఇంట్లోకీ వచ్చింది. గేట్లు వేరయ్యాక దారులూ వేరయ్యాయి. లైబ్రరీ దగ్గరో, నారాయణగూడ కూరగాయల బజారులోనో ఎదురుపడితే "బాగున్నరా?" "బాగున్నామండీ, మీరు?" అనుకునేవాళ్ళు. జయా, వదినా అని ఒకళ్ళ నోట్లోది ఒకళ్ళు లాక్కుతిన్న మనుషులు మీరు మీరు అనుకోవడం కంటే తిట్టుకోవడం నయం.

సందు మాత్రం ఎవరి అలకల కోసమూ ఆగలేదు. కిషన్ రావు చనిపోయినందుకు ఇచ్చిన ఉద్యోగంలో జయశ్రీ ఆర్టీసీలో చేరి, కొడుకుని చదివించి, రిటైరైంది. గూనపెంకల ఇల్లు అపార్ట్‌మెంట్ అయింది. పైన ఒక ఫ్లాటు వాళ్ళకి మిగిలింది. అశోక్‌నగర్ మొత్తం కోచింగ్ సెంటర్లయిపోయింది. నోటిఫికేషన్ పడితే సందులో నడవడానికి చోటుండదు, పడకపోతే ధర్నాకి చోటుండదు. సందు మొదట్లో కిరాణా కొట్టు పోయి జిరాక్స్ షాపు వచ్చింది. వరండాలు స్టడీ హాళ్ళయ్యాయి, వంటిళ్ళు మెస్సులయ్యాయి. ఏ జిల్లా నుంచి వచ్చారో, ఏ తల్లి కన్న బిడ్డలో, చాయ్ గ్లాసు ఒక చేత్తో, కరెంట్ అఫైర్స్ ఒక చేత్తో పట్టుకుని తిరుగుతుంటారు. వీళ్ళందరి మధ్యా పాత రూపంలో మిగిలింది పెద్ద గుమ్మం ఇల్లొక్కటే. దానికి గుమ్మం లేదు. జయశ్రీ బాల్కనీలోంచి చూస్తే తిన్నగా కనబడేది ఆ పూతగోడే. దాని మీద కోచింగ్ సెంటర్ల పోస్టర్లు. ర్యాంకులొచ్చిన పిల్లలు వరసగా నవ్వుతుంటారు.

మూడేళ్ళ కింద కాశీవిశ్వనాథంగారు పోయారు. జయశ్రీ అందరితో పాటు అవతలి గేటు నుంచి వెళ్ళింది, దణ్ణం పెట్టింది, అందరితో పాటే వచ్చేసింది. హైమవతి తలెత్తి ఆమెను చూసింది. ఇద్దరి మధ్యా బోలెడంత మంది జనం.

ఈ శ్రావణంలో హైమవతి కొడుకు ఫణికిరణ్ మెట్లెక్కి వచ్చి బెల్ కొట్టాడు. చిన్నప్పుడు 'అత్తయ్యా' అని కొంగు పట్టుకు తిరిగిన పిల్లాడే. ఇప్పుడు జుట్టు పల్చబడి, "ఆంటీ" అంటున్నాడు.

"ఇల్లు డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశామాంటీ. గురువారం ఖాళీ చేస్తున్నాం. కొంపల్లిలో కిరాయికి తీసుకున్నాం. దుమ్మూ చప్పుడూ ఉంటుంది, కొంచెం అడ్జస్ట్ అవ్వండి. అమ్మ మీకు చెప్పి రమ్మంది."

"ఇంకేమన్న చెప్పమన్నదా?" అని అడిగింది జయశ్రీ.

"లేదాంటీ."

ఆ తర్వాత జయశ్రీకి అన్నం సహించలేదు. ఇన్నేళ్ళూ ఒక ప్రశ్న కడుపులో పెట్టుకుని బతికింది. నా మొహం చూడలేకే మూసినవా వదినా? నువ్వు కూడానా? ఇల్లు ఎదురుగా ఉన్నంత కాలం, ఎప్పుడో అప్పుడు అడగొచ్చులే అన్న ధీమా ఉండేది. ఇప్పుడు ఇల్లూ పోతుంది, మనిషీ పోతుంది. కొంపల్లి వెళ్ళాలంటే రెండు బస్సులు. మోకాళ్ళ నొప్పుల మనుషులకి అది కాశీయే. ఇప్పుడు అడగకపోతే ఆ ప్రశ్నతోనే కాటికి పోవాలి.

అడగాలనే బయల్దేరింది ఒక సాయంత్రం. జిరాక్స్ షాపు దాకా వెళ్ళింది. మలుపు తిరిగితే వాళ్ళ గేటు. ఒకవేళ 'అవును' అంటే? ఇంత వయసొచ్చాక ఆ మాట చెవులారా విని ఏం చేసుకోవాలి? ఊరికే తిరిగి వస్తే జిరాక్స్ అబ్బాయి ఏమనుకుంటాడోనని ఆధార్ కార్డు కాపీలు రెండు తీయించుకుని ఇంటికొచ్చింది. "ఇవెందుకత్తమ్మా?" అంది శ్రీదివ్య. "ఎందుకన్న పనికొస్తయ్" అంది జయశ్రీ.

గురువారం పొద్దున పలుగు దెబ్బలు వినబడ్డాయి. చాయ్ కప్పుతో బాల్కనీలోకి వచ్చిన జయశ్రీ అట్లాగే నిలబడిపోయింది. సామానంతా ముందురోజే వెళ్ళిపోయింది. పాత కలప కొనేవాళ్ళ ట్రాలీ సందులో ఆగి ఉంది. ఇద్దరు కూలీలు పోస్టర్ల గోడని పగలగొడుతున్నారు. ర్యాంకుల పిల్లల మొహాలు ఇటుకలతో సహా రాలుతున్నాయి. ఫణికిరణ్ కిందనుంచి తలెత్తి చూసి, నుదురు కొట్టుకుని చెప్పాడు. "మా అమ్మ మొండితనమాంటీ! కాపురానికొచ్చింది ఆ గుమ్మంలోంచట. పోయేది కూడా అందులోంచేనట. గేటు నుంచి రానని కూర్చుంది!"

ఇటుకలు తొలగేకొద్దీ వెనకాల ఆకుపచ్చ తలుపులు బయటపడుతున్నాయి. రంగు పొరలు లేచింది గానీ కర్ర చెక్కు చెదరలేదు. లోపలి నుంచి గడియ లాగుతున్న చప్పుడు. అది బిగుసుకుపోయి రావడం లేదు. ఎవరో నూనె పోశారు. కిర్రుమని, ఆగి, మళ్ళీ కిర్రుమని రెండు తలుపులూ లోపలికి తెరుచుకున్నాయి.

మధ్యలో హైమవతి నిలబడి ఉంది. బాగా చిన్నదైపోయింది మనిషి. గుమ్మం అంతే ఉంది కాబట్టి ఇంకా చిన్నగా కనబడుతోంది. జయశ్రీకి అలవాటు ముందుకొచ్చింది. బయల్దేరే మనిషి. లోపలికి తప్పుకోబోయింది.

"జయా!"

ఆ పిలుపుకి జయశ్రీ చేతిలో కప్పు పిట్టగోడ మీద పెట్టేసింది. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు. మెట్లు ఎలా దిగిందో, సందు ఎలా దాటిందో ఆమెకే తెలియదు. ఇటుకల కుప్ప దగ్గర ఆగింది. అప్పుడు చూసింది గడపని.

లోపలివైపు నిండుగా పసుపు. ఇవాళ రాసింది ఒక్కటే కాదు. పొర మీద పొరగా ఏళ్ళ తరబడి రాసిన పసుపు, కర్రలోకి ఇంకి గట్టిపడిన పసుపు. దాని మీద కుంకుమ బొట్లు. పైన వాడిన మామిడాకుల తోరణం, మొన్న వరలక్ష్మీవ్రతానికి కట్టింది. మూసేసిన గుమ్మానికి, ఎవరూ దాటని గడపకి, అవతల గోడ తప్ప ఏమీ లేని తలుపులకి.

"మూసిన గడపకు పసుపెందుకు రాసిండ్రు?" అంది జయశ్రీ. అడగాలనుకున్నది ఇది కాదు. నోటికి ఇదే వచ్చింది.

"శుక్రవారం శుక్రవారం రాస్తూనే ఉన్నానే" అంది హైమవతి. "మీ ఇల్లు చల్లగా ఉండాలని, శ్రావణ్‌గాడు నూరేళ్ళు బతకాలని దణ్ణం పెట్టుకుని రాసేదాన్ని."

"మా ఇల్లు చల్లగుండాలని మొక్కెటోళ్ళు మా మొగం మీద గోడెట్ల కట్టిండ్రు?" జయశ్రీ గొంతు లేచింది. కూలీలు పలుగులు దించేశారు. "నేను ఎదురొస్తనని కాదా? ముండమోసినదాని మొగం పొద్దున్నే చూడొద్దని కాదా? చెప్పుండ్రి, ఇవ్వాళ చెప్పుండ్రి!"

"అలా అనుకున్నావా నువ్వు?" అంది హైమవతి. తర్వాత తలుపు చెక్క పట్టుకుని నెమ్మదిగా గడప లోపల కూలబడింది. "ఇన్నేళ్ళూ అలా అనుకున్నావా, నా తల్లీ?"

ఫణికిరణ్ నీళ్ళ సీసా తెచ్చాడు. ఆమె తోసేసింది.

"ఆయన ప్రమోషన్ ఆగిపోయిందని అప్పట్లో ఓ వాస్తు సిద్ధాంతిని తీసుకొచ్చారు. మా ఇల్లంతా చూసి బాగానే ఉందన్నాడు. పోతూ పోతూ మీ గుమ్మం చూశాడు. ఇంత పెద్ద గుమ్మం అంత చిన్న గుమ్మానికి ఎదురుగా ఉంటే పోటు దానికే తగులుతుంది, ఆ ఇంటి మగవాళ్ళకి ఆయుష్షు చాలదు అన్నాడు. మేం నవ్వేశాం. కిషన్ రావు అన్నయ్యతో చెబితే ఆయనా నవ్వాడు. ఆరు నెలలు తిరక్కుండానే..." హైమవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు నిద్ర పట్టేది కాదు. మీ ఇంట్లో ఇంకా ఒక మగపిల్లాడున్నాడు. ఆయన వద్దన్నారు, వాళ్ళేమనుకుంటారే అన్నారు. నేనే పోరుపెట్టి మూయించాను."

"ఒక్క మాట చెప్తే ఏమైతుండె?"

"ఏమని చెప్పనే? మా గుమ్మం మీ ఆయన్ని మింగేసిందని చెప్పనా? చెబుదామనే వచ్చాను ఆ రోజు. నువ్వు అటు తిరిగి పడుకున్నావు. తెలిసిపోయింది, నేనే నీ పసుపు కుంకుమలు తీశానని అసహ్యించుకుంటున్నావనుకున్నాను. ఇంక ఏ మొహం పెట్టుకుని రాను?"

ఒక ఆమె తన మొహం పనికిరాదని ఇక్కడ, ఇంకో ఆమె తన గుమ్మం పాపిష్టిదని అక్కడ. మధ్యలో ఒక్క వరస ఇటుకలు. జయశ్రీకి కోపం వచ్చింది, నవ్వొచ్చింది, రెండూ కలిసి ఏడుపయింది.

"అగో, రోజుకు రెండు డబ్బాల సిగరెట్లు ఊదెటోడు వదినా ఆయన! డాక్టర్ చెప్పిండు, నేను చెప్పిన, విన్నడా? దానికి నీ గుమ్మమేం చేస్తది? దానికి నువ్వేం చేస్తవ్?" ఇటుకల మీదుగా వంగి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "ఉత్త పుణ్యానికి ఎంత పరేషాన్ అయినవే నువ్వు!"

మీరు పోయి నువ్వు వచ్చిందని ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. శబ్దానికి శ్రీదివ్యతో పాటు దిగి వచ్చిన శ్రావణ్ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర బొజ్జ మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హైమవతి కళ్ళు తుడుచుకుని వాణ్ణి ఎగాదిగా చూసింది. "బాగానే ఉన్నాడే" అంది. "బాగనే ఉన్నడు. కొంచెం తక్కువ మొక్కితే బాగుండు, లావైతుండు" అంది జయశ్రీ.

కారు వచ్చి సందు మొదట్లో ఆగింది. కలపవాళ్ళు గడియారాలు చూసుకుంటున్నారు. ఫణికిరణ్ తల్లిని లేవదీశాడు. ఇల్లు వదిలి వెళ్తున్నారు, మంచి ఘడియ దాటకూడదు. ఎదురు రావడానికి ఒక ముత్తయిదువ కావాలి. అతను శ్రీదివ్య వైపు చూశాడు. "మీరు కాస్త ఎదురు వస్తారా?" శ్రీదివ్య చున్నీ సర్దుకుంది. జయశ్రీ అలవాటుగా హైమవతి చేతులు వదిలేసి, గోడ పక్కకి జరిగింది.

"ఎక్కడికే?" అంది హైమవతి.

"నువ్వు బయలెల్లుతున్నవ్ కద."

"అందుకే అడుగుతున్నా. శ్రీదివ్య కాదు ఫణీ, పిల్లని ఉండనీ." హైమవతి గడప వెనక నిటారుగా నిలబడింది. "జయ ఎదురు రావాలి నాకు."

హాస్టల్ మెట్ల మీద హారతి, ఇంకో ఇద్దరు పిల్లలు చాయ్ గ్లాసులతో ఆగిపోయి చూస్తున్నారు. జయశ్రీ తల అడ్డంగా ఊపింది. "వద్దు వదినా, మంచిది కాదు. కొత్త ఇంటికి పోతున్నవ్."

"నువ్వు ఎదురొస్తేనే కదులుతాను. లేకపోతే ఈ కలపతో పాటు నన్నూ ట్రాలీ ఎక్కించమను." ఆమె మొండితనం గురించి ఫణికిరణ్ చెప్పింది అబద్ధం కాదు.

జయశ్రీ మెల్లగా వెనక్కి నడిచి సందు అవతల నిలబడింది. ఒకప్పుడు తన చిన్న గుమ్మం ఉన్న చోటు అదే. ఇప్పుడు అక్కడ స్కూటీలు పెడుతున్నారు. కొంగు భుజాల చుట్టూ నిండుగా కప్పుకుంది. నుదుట ఏమీ లేదు. కొత్తకోడలుగా వచ్చిన రోజు బొప్పి కట్టిన నుదురది. కాళ్ళు అలవాటు కొద్దీ పక్కకు లాగుతున్నాయి. ఆమె వాటి మాట వినలేదు. తలెత్తి, సందు నడిమధ్యగా, పెద్ద గుమ్మం వైపు తిన్నగా నడిచింది.

"ఇటుకలున్నాయి, చూసుకుని అత్తయ్యా" అన్నాడు ఫణికిరణ్.

హైమవతి కుడికాలు గడప దాటించింది. ఎదురొచ్చిన మొహాన్ని కళ్ళ నిండా చూసుకుంది.

"శకునం బాగుంది" అంది కొడుకుతో. "పద, ఇంక పోదాం."